కృపకు వెల కట్టవచ్చునా?



కూరలు కొన్నాక "కాస్త కొసరు వెయ్యవయ్యా" అని అడగని ఇల్లాలు మన తెలుగునాట ఉండదు. నాలుగు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెమ్మో సంచిలో పడితేగాని మనకి బేరం ముగిసినట్టు ఉండదు. దానికి వేరే డబ్బివ్వలేదు కనుక కొసరు ఊరికే వచ్చిందనుకుంటాం. కాని ఆలోచించి చూడండి. కొన్నాం గనుకనే కొసరు వచ్చింది. ఏమీ కొనకుండా సంచి చాపి నిలబడితే ఎవరు వేస్తారు?

ఏమీ కొనని వాడికి, కొనే శక్తి లేని వాడికి, అడిగే అర్హత కూడా లేదనుకున్న వాడికి దేవుడు తనంతట తాను నిండుగా ఇచ్చేదాన్ని క్రైస్తవులు "కృప" అంటారు. ఆ సంగతి చెప్పే మంచి వార్తను "సువార్త" అంటారు. చర్చిలో గంట కొట్టినా, పాట పాడినా, బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినా, రొట్టె విరిచినా అన్నింటికీ నడిమి స్తంభం ఈ ఒక్క మాటే. ఆ స్తంభం కదిలితే చర్చి ఒక సంఘంగానో, బడిగానో, ఆస్తిగానో మిగులుతుంది గాని చర్చిగా మిగలదు. ఈ మాట మన తెలుగు పల్లెల్లో ఎలా నిలబడిందో, ఎక్కడెక్కడ తడబడిందో ఈ రోజు చెప్పుకుందాం.

నంద్యాల నుంచి కడపకు బస్సులో వెళ్ళేవారికి ఆళ్ళగడ్డ దాటాక చాగలమర్రి వస్తుంది. నిన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. తూర్పున నల్లమల కొండలు. ఈ చాగలమర్రి మండలంలోనే ముత్యాలపాడు అని ఒక ఊరుంది. ఈనాడు బస్సులో వెళ్ళేవాళ్ళు దాని పేరు పట్టించుకోకపోవచ్చు. కాని రాయలసీమ క్రైస్తవుల చరిత్రలో ముత్యాలపాటిది పెద్ద పేరు. 1850ల నడుమ జాన్ క్లే అనే మిషనరీ వచ్చి కాపురం పెట్టింది ఆ ఊళ్ళోనే. ఆయన్ని పంపింది 1701లో ఇంగ్లండులో పుట్టిన ఎస్.పి.జి. అనే సంస్థ. నంద్యాలలో ఎస్.పి.జి. పేరున ఉన్న హైస్కూలు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ మూడు అక్షరాల వెనక ఉన్నది ఈ సంస్థే. ఆయనకంటే ముందే, 1822 నుంచి కడపలో లండన్ మిషన్ వారు పని చేస్తూ ఉన్నారు. అందులో పనిచేసిన విలియం హోవెల్ 1840లలో ఎస్.పి.జి.లో చేరడంతో ఈ ప్రాంతంలో ఆ పనికి పునాది పడింది. తర్వాత అది ముత్యాలపాడు, కలసపాడు, గిద్దలూరు, నంద్యాల దాకా పాకింది.

అసలు "కృప" అన్న మాట ఈ నేలకు కొత్తదా అంటే, కాదు. చాగలమర్రికి చుట్టుపక్కలే చూడండి. ఆళ్ళగడ్డ నుంచి దారి చీలితే అహోబిలం. అక్కడి నరసింహస్వామి దగ్గర శరణాగతి మాట తరతరాలుగా వినబడుతూనే ఉంది. శ్రీవైష్ణవులు దేవుడి దయ గురించి చెప్పుకునే రెండు పోలికలు మన ఇళ్ళల్లోనూ వింటాం. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకుంటుంది, పట్టు వదిలితే పడిపోతుంది. పిల్లికూన ఏమీ పట్టుకోదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. భక్తుడు కోతిపిల్లలా ఉండాలా, పిల్లికూనలా ఉండాలా అని వడగలై, తెంగలై వారు శతాబ్దాలు చర్చించారు. ఇటు బనగానపల్లెతో ముడిపడిన పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుల్లో దూదేకుల సిద్దయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. పుట్టుక చూడని దైవం మాట ఈ పల్లెలు ముందే విన్నాయి. కనుక మిషనరీ వచ్చి "దేవుని కృప" అన్నప్పుడు విన్నవాళ్ళకి మాట తెలిసినదే. అందరూ కలిసి ఒక్క చోట కూర్చుని ఆ కృపను అందుకోవాలి అనడం మాత్రం కొత్త.

ఈ కూర్చోవడం దగ్గరే మొదటినుంచీ తగవు. క్రైస్తవ సంఘం పుట్టిన తొలి రోజుల్లోనే, అంతియొకయ అనే పట్టణంలో ఒక సంగతి జరిగింది. పేతురు యూదుడు. క్రీస్తు శిష్యుల్లో పెద్దవాడు. ఆ ఊళ్ళో యూదులు కాని విశ్వాసులతో కలిసి భోజనం చేస్తూ ఉండేవాడు. యెరూషలేము నుంచి కొందరు ఆచారపరులు రాగానే జంకి, ఆ పంక్తిలోంచి తప్పుకున్నాడు. అప్పుడు పౌలు అందరి ఎదుటా ఆయన్ని నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రికలో పౌలే ఈ కథ చెప్పాడు. ఆయన వాదం ఏమిటి? సున్నతి వల్లా ఆచారాల వల్లా దేవుడి దగ్గర మంచివాళ్ళం కాలేదు, కృప వల్లే అయ్యాం, అలాంటప్పుడు పంక్తిలో భేదం పెడితే ఆ కృపను కొట్టేసినట్టే కదా అని. చూశారా, ఇంత పెద్ద సిద్ధాంతం తేలింది ఎక్కడ? భోజనాల దగ్గర! వంటింటి సంగతి చిన్న సంగతి అని ఇకమీదట ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

ఆ తర్వాత ఈ మాట చాలాసార్లు మసకబారింది, మళ్ళీ తోమితే మెరిసింది. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ లేచింది కూడా దీనికోసమే. పాపాలకు పడే శిక్షను తగ్గించే పత్రాలు డబ్బుకి అమ్ముతున్నారని, కృపకి వెల కట్టవద్దని ఆయన గోల. అక్కడ అది పండితుల వాదం. మన నల్లమల పల్లెలకు వచ్చేసరికి అది గంజికీ నీళ్ళకీ సంబంధించిన వ్యవహారమైంది.

ముత్యాలపాడు చుట్టుపక్కల ఎస్.పి.జి. చర్చిల్లో చేరినవాళ్ళు ఎక్కువమంది మాలపల్లెల వాళ్ళు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో చేరినవాళ్ళు ఎక్కువమంది మాదిగలు. ఒక్కరొక్కరుగా కాదు, చుట్టాలూ పక్కాలూ కలిసి, పల్లెకు పల్లెగా వచ్చారు. ఎందుకొచ్చారు? కొందరు దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చారు. ఒంగోలు వైపు తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. గురువుల దగ్గర యోగం నేర్చి, మనసు నిండక తిరిగి తిరిగి, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన తనవాళ్ళందరికీ ఆ మాట మోశాడు. మరికొందరు పిల్లలకి నాలుగు అక్షరాలు వస్తాయని వచ్చారు. ఇంకొందరు ఊరి పెద్దల దౌర్జన్యం నుంచి ఎవరైనా అడ్డుకుంటారని వచ్చారు. మనిషి మనసులో ఒక్క కోరికే ఉంటుందా? మనం గుడికి వెళ్ళేటప్పుడు మాత్రం పిల్లవాడి పరీక్ష, అమ్మాయి సంబంధం మనసులో పెట్టుకుని వెళ్ళమూ?

అయితే ఈ ప్రశ్న గట్టిగా నిలదీసే కాలం ఒకటి వచ్చింది. అదే ధాత కరువు, 1876 నుంచి 1878 దాకా. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు దానికి ఆహుతైపోయాయి. 1871 జనాభా లెక్కలకీ 1881 లెక్కలకీ మధ్య ఒక్క కర్నూలు జిల్లాలోనే సుమారు నాలుగో వంతు జనం తగ్గిపోయారంటే ఊహించుకోండి. నలుగురున్న ఇంట్లో ఒకరు లేకుండా పోయినట్టు.

ఆ రోజుల్లో ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. ఆకలితో చచ్చిపోతున్న వాళ్ళకి పని చూపించాలని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది కూలికి వచ్చారు. పనిలో ఉన్న తెలుగు బోధకులు సాయంకాలాలు సువార్త చెబుతూ ఉండేవారు. బాప్తిస్మం కావాలని అడిగేవాళ్ళు పెరిగిపోయారు. క్లౌ ఏం చేశాడంటే, ఇవ్వనన్నాడు. పదిహేను నెలలపాటు బాప్తిస్మాలే ఆపేశాడు. కూలి డబ్బుకోసం, సాయంకోసం వచ్చినవాళ్ళెవరో, నమ్మి వచ్చినవాళ్ళెవరో తేలాలని.

ఇక్కడ మనకి ఒక సందేహం రావాలి. కృప ఊరికే ఇచ్చేదైతే, తలుపు వేసి ఆపడం ఏమిటి? ఆకలితో వచ్చినవాణ్ణి దేవుడు మాత్రం కాదంటాడా? అనడనే నేననుకుంటాను. సువార్తల్లో క్రీస్తు దగ్గరికి రొట్టెకోసం వచ్చినవాళ్ళు లేకపోలేదు, ఆయన వాళ్ళకి ముందు రొట్టె పెట్టాడు. క్లౌ భయం వేరు. గంజికీ బాప్తిస్మానికీ ముడి పెడితే, గంజి కూలి అవుతుంది, బాప్తిస్మం ఆ కూలికి చేసే సంతకం అవుతుంది. అప్పుడు రెండూ చెడతాయి. గంజి పెట్టేది మనిషి గనుక పెట్టాలి. దేవుడి మాట చెప్పేది నిజం గనుక చెప్పాలి. ఒకదాన్ని చూపించి ఇంకొకటి అమ్మకూడదు. ఆ రెంటినీ విడదియ్యడానికే ఆయన పదిహేను నెలలు ఆగాడు.

కరువు సాయం ఆగిపోయింది. ఇంక ఇచ్చేందుకు డబ్బు లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులే. ఒకరి తర్వాత ఒకరు నీళ్ళలో దిగి వంతుల మీద ఇచ్చారు. ఆ గుండ్లకమ్మ పుట్టింది మన నల్లమలలోనే సుమా! వచ్చిన వాళ్ళ మనసుల్లో ఏముందో మనం చూడలేం గాని, ఆ రోజున వాళ్ళకి పంచడానికి గంజి మాత్రం లేదు. ఆ తర్వాత చాలాకాలం వాళ్ళ మనమల్నీ మునిమనమల్నీ "కూటికోసం కలిసినవాళ్ళు" అని తేలిక చేసేవాళ్ళు ఈ పదిహేను నెలల సంగతి తెలుసుకోవాలి.

ఇంతవరకు మెచ్చుకోదగ్గదే చెప్పాను. తడబడిన చోట కూడా చెప్పకపోతే న్యాయం కాదు.

ఒక మిషన్‌లో మాలలు, ఒక మిషన్‌లో మాదిగలు ఎక్కువగా చేరారని చెప్పాను కదా. దాంతో చాలా చోట్ల పేటకొక చర్చి వచ్చింది. ఒకే దేవుడు, ఒకే పాట, ఒకే బైబిలు, కాని మీ చర్చి వేరు, మా చర్చి వేరు. మాలపల్లె క్రైస్తవులున్న చోట మాదిగలు చేరతామంటే ముఖాలు చిట్లించిన సందర్భాలున్నాయి. పెళ్ళి సంబంధాల దగ్గరైతే చెప్పనే అక్కరలేదు. ఊరు తమని దూరంగా ఉంచిందని బాధపడినవాళ్ళే ఇంకొకరిని దూరంగా ఉంచడం! అంతియొకయలో పేతురు లేచిపోయిన పంక్తి ఇదే. ప్రభురాత్రి భోజన సంస్కారంలో గిన్నె ఒకటే. ఆ గిన్నెలో ఎవరి పెదవి ముందు తగిలిందీ అని చూసే కన్ను ఉన్నంతకాలం, కృప అనే మాట గోడమీద వాక్యంగానే ఉంటుంది. ఈ విషయంలో ఆడవాళ్ళ పూచీ పెద్దది. బిందెలు మనవి, పొయ్యి మనది, సంబంధాలు మాట్లాడే నోళ్ళూ మనవే.

చర్చి బయట కూడా ఈ ఊరికే ఇచ్చినదానికి వెల పడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలో చేరిన దళితులు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రలో అలాంటి వాళ్ళను వెనకబడిన తరగతుల్లో "సి" విభాగం కింద ఉంచారు. అందుకని చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. పిల్లవాడి చదువుకోసం తల్లి నమ్మినదాన్ని కాగితం మీద దాచవలసి వస్తే, ఆమె గుండెల్లో ఎంత కోతో మనం ఆలోచించాలి. ఊరికే ఇచ్చాడు దేవుడు. వసూలు చేసింది లోకం.

ఇప్పుడు ఒక మంచి మనిషి గురించి చెబుతాను. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి జిల్లాలో ఒక పల్లెటూరి గురువుగారి ఇంట పుట్టాడు. తమిళుడైనా 1909లో తెలుగుదేశానికి, దోర్నకల్‌కు వచ్చేశాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. తర్వాత కాలంలో మన నంద్యాల, ముత్యాలపాడు చర్చిలు కూడా ఆయన దోర్నకల్ డయాసిస్‌లోకి వచ్చాయి. 1910లో ఎడింబరో మహాసభలో దొరలందరి ముందూ ఆయన చెప్పిన మాట ప్రపంచమంతా పాకింది. మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, సరే, కాని మమ్మల్ని మీతో సమానంగా స్నేహితులుగా చూడండి అన్నది దాని సారం. ఇచ్చేవాడు మెట్టుమీద నిలబడి ఇస్తే పుచ్చుకునేవాడు ఎన్నటికీ కింది మెట్టే. దేవుడైతే మెట్టు దిగి వచ్చి ఇచ్చాడు అని నమ్మేవాళ్ళు, తాము మాత్రం మెట్టుమీదే ఎలా ఉంటారు?

అజరయ్యగారి చర్చిల్లో ఆడవాళ్ళకి ఒక అలవాటు నేర్పారు. రోజూ వంటకి బియ్యం కొలిచేటప్పుడు, ఎసట్లో పోసే ముందు, ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యాలి. ఆదివారం ఆ బియ్యం చర్చికి తెస్తారు. డబ్బు కళ్ళచూడని కూలి ఇళ్ళవాళ్ళు అలా పిడికెడు పిడికెడు పోసి తమ గురువుల జీతాలకు సాయపడ్డారు. ఈ పిడికెడు బియ్యం కృపకు వెలా? కాదు. వెల అయితే ముందిచ్చి తర్వాత పుచ్చుకుంటాం. ఇది పుచ్చుకున్నాక పొంగి ఇచ్చింది. పైగా, ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యిగా ఉన్న ఆ బీద తల్లి, ఆ రోజునుంచి ఇచ్చే చెయ్యి కూడా అయింది. దోర్నకల్‌లో పల్లెల ఉపాధ్యాయులకి తర్ఫీదు ఇచ్చేటప్పుడు భార్యల్ని కూడా పిలిపించి నేర్పేవారు. చర్చి జీవితం సగం వంటింట్లోనే జరుగుతుందని ఆయనకి తెలుసు. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశాడు.

ఆయన కలలుగన్న దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకా కొన్ని శాఖలవాళ్ళు ఒకటయ్యారు. కాని మన నంద్యాల వైపు వేలాదిమంది అందులో చేరక వేరుగా ఉండిపోయారు. బిషప్పులు హస్తనిక్షేపం చెయ్యని గురువుల సేవ చెల్లుతుందా అన్నది ముఖ్యమైన తగవు. పాత క్రమం పోతుందన్న భయం వాళ్ళది, అదీ చిన్నది కాదు. 1975లో ఆ ఎడబాటు తీరి నంద్యాల డయాసిస్ దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. ఇరవై ఎనిమిదేళ్ళు! కృప అందరిదీ ఒకటే అని ఒప్పుకున్నవాళ్ళకి, ఆ కృపను ఎవరి చేతులమీదుగా పంచాలన్న దగ్గర కలవడానికి అంతకాలం పట్టింది.

మరి చదువురాని తల్లులకి ఈ సిద్ధాంతం ఎలా తెలిసింది అంటారా? పాటల వల్ల. పురుషోత్తమ చౌదరిగారని (1803–1890), బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడై, తెలుగులో మన రాగతాళాలతో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఆయన పేరు లేకుండా ఉండదు. నాట్లు వేస్తూ, పిండి విసురుతూ అవి పాడుకున్న ఆడవాళ్ళు పుస్తకం తెరవకుండానే పౌలు చెప్పింది నేర్చుకున్నారు.

ఆదివారం ఆరాధన చూసినా అంతే. ముందు అందరూ తమ తప్పు ఒప్పుకుంటారు. వెంటనే క్షమాపణ మాట చెబుతారు. తర్వాత వాక్యం, తర్వాత రొట్టె, ద్రాక్షరసం. ఆ రొట్టె తీసుకోవడానికి వరసలో నిలబడ్డవాళ్ళ చేతులు చూడండి. జమీందారైనా, పాలేరైనా, డాక్టరమ్మైనా, ఆయమ్మైనా రెండు చేతులూ చాపి ఉంటాయి, ఖాళీగా ఉంటాయి. చేతిలో ఏమైనా ఉంటే రొట్టె పుచ్చుకోలేరు. కృప అంటే ఏమిటో చెప్పడానికి దీనికంటే వేరే ప్రసంగం అక్కరలేదు.

చివరగా ఒక్క మాట. ఊరికే వచ్చింది కదా అని తేలిక చెయ్యకూడదు. ఉచితం వేరు, చవక వేరు. డైట్రిచ్ బోన్‌హోఫర్ అనే జర్మను గురువు 1937లో ఈ తేడా గట్టిగా చెప్పాడు. హిట్లర్‌ని ఎదిరించి 1945లో ఉరికంబం ఎక్కాడు. అమ్మ పెట్టిన అన్నం ఉచితమే, చవక మాత్రం కాదు కదా. ఆవిడ ఎన్ని రాత్రులు మేలుకుందో తెలిసిన బిడ్డ ఆ అన్నాన్ని పారబోయడు. చర్చిలో కమిటీ తగాదాలు, స్థలాల కేసులు, నీ వాళ్ళు నా వాళ్ళు అనే మాటలు పెరిగినప్పుడల్లా, కృప నడిమి స్తంభం దగ్గరనుంచి గుమ్మం దగ్గరికి జరిగిందన్నమాటే.

మన తెలుగు ఇళ్ళల్లో ఒక మంచి మర్యాద ఉంది. పొరుగింటావిడ గిన్నెలో పాయసం పంపిస్తే, ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపం. ఏదీ లేకపోతే కాస్త పంచదారైనా వేసి పంపిస్తాం. అది పాయసానికి ధర అని ఎవరైనా అంటే నొచ్చుకోమూ? ప్రేమగా వచ్చింది, ప్రేమగా వెళ్ళింది, అంతే. ముత్యాలపాడు చుట్టుపక్కల పల్లెల్లో పిడికెడు బియ్యం తీసిపెట్టిన ఆ తల్లులు చేసింది అదే. ఆ గిన్నె ఈ గుమ్మంలోంచి ఆ గుమ్మంలోకి, ఈ పేటలోంచి ఆ పేటలోకి కూడా వెళ్ళిన నాడు ఆ మాట పూర్తిగా నిజమవుతుంది.

సెలవు.